తీసేసిన రంగు

జూన్ 12

వదినకి,

ఉన్న రంగుల్లో చూపిస్తే నిజమా, రంగు తీసేసి చూపిస్తే నిజమా? కొండలనీ నీళ్ళనీ ఫోటోలు తీయడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. కాలేజీలో భూగోళం చెప్పేటప్పుడు ఎవరైనా ఇలాంటిది అడిగితే "పరీక్షలో రాదు, కూర్చో" అని తప్పించుకుంటాను. నన్ను నేను అలా కూర్చోబెట్టలేకపోతున్నాను.

ఈమధ్య రంగుల ఫోటోలంటే వెగటు పుట్టింది. మొన్న పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నంతసేపూ ఎదురుగా గోడమీద ఒక సూర్యాస్తమయం. సముద్రం మీద ఎవరో జామ్ పూసినట్టుంది. బయటికొచ్చి చూస్తే షాపు సంచి మీద అదే ఆకాశం, ఫోన్లో అదే ఆకాశం. పాకంలో ముంచి తీసినట్టుండే ఆ నారింజ రంగు చూస్తే నాలుక మీద జిడ్డు పేరుకున్నట్టు ఉంటుంది నాకు. రంగు తీసేస్తే ఆ జిడ్డు పోతుంది. గట్టు గట్టులా, నీడ నీడలా కనబడతాయి. అంతలోనే మళ్ళీ అనుమానం, ఇదీ ఒక వేషమే కదా అని. లోకాన్ని నలుపు తెలుపులో ఎవరు చూశారు గనక?

గ్యాలరీ నడిపే ఆవిడ వచ్చే ఏడాది మొదట్లో నా ఫోటోలు ప్రదర్శనకి పెడతానంది. అన్నీ ఒకే తీరుగా ఉండాలట. "సగం రంగులు, సగం నలుపు తెలుపు పెడితే నీకే తేలలేదని చూసేవాళ్ళకి తెలిసిపోతుంది" అంది. తేలలేదు మరి.

దీనితో ఒక ఫోటో పంపుతున్నాను. మన చెరువు. ఎప్పటిదో చెప్పక్కర్లేదు, చూడగానే నీకే తెలుస్తుంది. గోడకి పెట్టుకున్నా సరే, బీరువా అడుగున పడేసినా సరే, ఏమీ అనుకోను. ఫోన్ చేద్దామంటే "తిన్నావా, సరే ఉంటా" దగ్గరే మన మాటలు అయిపోతాయి. అందుకని రాస్తున్నాను. అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మరదలు


జూన్ 30

మహారాజశ్రీ ఆడపడుచుగారికి,

దుకాణంలో బేరాల మధ్య, కొలతల చీటీల వెనకాల రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే కత్తెర పట్టే చెయ్యి కదా అని సరిపెట్టుకో.

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు తెలిసిన రంగుల గొడవ వేరు. నిన్న ఒకావిడ వచ్చి "బూడిద రంగు పరదాలు కావాలి, కానీ బూడిదలా ఉండకూడదు" అంది. బట్ట తాను తర్వాత తాను విప్పించి, చివరికి గోధుమ రంగు తీసుకుపోయింది. నువ్వు ఆవిడకి చుట్టానివి కాదు కదా?

ఇక ఫోటో! ఆ పొద్దుటి మంచు చూసి నా ప్రాణం లేచొచ్చిందనుకో. నీళ్ళ మీద దూదిపరుపు పరిచినట్టు ఎంత తెల్లగా, ఎంత మెత్తగా! ఫ్రేము కట్టించి దుకాణంలో గల్లాపెట్టె పైన పెట్టాను. వచ్చినవాళ్ళు "ఇది మన చెరువేనా?" అని ముక్కున వేలేసుకుంటున్నారు. మీ అన్నయ్యకి చూపిస్తే పేపర్లోంచి తల ఎత్తకుండా "బాగుంది" అన్నారు. పెళ్ళినాడు నన్ను చూసి కూడా అంతే అన్నారు, కాబట్టి మెచ్చుకున్నట్టే.

ఇక్కడి సంగతి చెబితే నీకు అన్నం సయించదు. ఈ వారం చెరువు ఊదా రంగు. అంటే త్వరలో నా దుకాణానికి ఊదా తానులు వస్తాయన్నమాట. అద్దకం మిల్లువాళ్ళు ఏ రంగు వేస్తున్నారో నాకన్నా ముందు వాళ్ళ కాలువకీ, ఆ కాలువ పడే చెరువుకీ తెలుస్తుంది. మొన్న వీధి కుక్క ఒకటి అందులో దిగి, ఊదా మేజోళ్ళు తొడుక్కున్నట్టు బయటికొచ్చింది. అందరం నవ్వాం. తర్వాత అది కూర్చుని ఆ కాళ్ళు నాక్కోవడం మొదలుపెట్టింది. నేను లోపలికి పోయి వాంతి చేసుకున్నాను. బోరు నీళ్ళలో కూడా ఆ కంపే. బకెట్టులో పట్టి ఉంచితే పైన నూనెలాంటి తెట్టు కడుతుంది. నాకు మోచేతుల దాకా దద్దుర్లు. డాక్టరు "ఆ నీళ్ళు ముట్టుకోకండి" అంటాడు. ముట్టుకోకుండా ఎలా కడుక్కోవాలో చెప్పడు.

పై వాటా మాస్టారు వీధి వీధంతా తిరిగి సంతకాలు పెట్టించి, మిల్లు కాలువ మూయించమని అర్జీ ఇచ్చారు. విచారణకి పిలుస్తారట. కాలువ మూస్తే ఉంటాం. లేకపోతే ఇల్లూ దుకాణమూ ఎత్తేసి పోవడమే.

అన్నట్టు, మిల్లు నుంచి తానులు తెచ్చే సేల్స్ మనిషి నీ ఫోటో మీద మనసు పడ్డాడు. వాళ్ళ క్యాలెండరుకి కాపీ కావాలట. ఇవ్వమంటావా?

నీ వదిన


జూలై 14

వదినా,

మంచు! దూదిపరుపు! నీ ఎత్తిపొడుపు తగలాల్సిన చోటే తగిలింది. ఇంతకన్నా చీపురు తిరగేసి రెండు వేసి ఉంటే తేలిగ్గా ఉండేది. నీ నోటికి భయపడినంత మా కాలేజీ ప్రిన్సిపాలుకి కూడా భయపడను. అయినా గోడకి పెట్టావు చూడు, అది నీ మంచితనం.

కుక్క సంగతి చదివాక నిజంగానే కంచం పక్కకి నెట్టేశాను. ఆ నాలుకే కళ్ళ ముందు ఆడుతోంది. నీ చేతులకి ఏదైనా మందు రాస్తున్నావా? బోరు నీళ్ళు వద్దు, ట్యాంకరు తెప్పించుకో. అన్నయ్యని కాస్త పేపరు దించమను.

క్యాలెండరుకా? ఇవ్వు, తప్పకుండా ఇవ్వు. ఏడాది పొడుగునా ఆ చెరువుని వాళ్ళే గోడమీద చూసుకోనీ. అంతకన్నా తగిన శిక్ష నాకు తోచడం లేదు.

ప్రదర్శన విషయంలో నలుపు తెలుపు వైపే మొగ్గుతున్నాను. గ్యాలరీ ఆవిడకి అన్నిటికన్నా మన చెరువే నచ్చింది. "కలలా ఉంది" అంది. ఆ మాటకి ఎందుకో ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నాను. నవ్వకు.

నీ మరదలు


జనవరి 8

అమ్మడూ,

ఇన్నాళ్ళూ రాయలేదు. వేళ్ళ సందుల్లో కూడా పుళ్ళు లేచి కలం పట్టుకోవడం కష్టమైంది. నేను నిన్ను ఏం ఎత్తిపొడిచానో నాకైతే అర్థం కాలేదు. అడుగుదామనుకుంటూ ఉండిపోయాను. ఇప్పుడు అంతకన్నా పెద్ద సంగతి అడగాలి. కొంచెం స్థిమితంగా చదువు.

నిన్న విచారణ జరిగింది. చిన్న గది, పైన తిరగని ఫ్యాను, బల్ల వెనకాల అధికారి. మాస్టారు మా అందరి తరఫునా లేచి, "మిల్లు రాకముందు ఆ చెరువులో నీళ్ళు తాగేవాళ్ళం. కాలువ వచ్చాకే నురుగు" అన్నారు. వెంటనే మిల్లు మేనేజరు లేచాడు. చేతిలో కొత్త క్యాలెండరు. దానిమీద నీ ఫోటో. కింద పెద్ద అక్షరాలతో "మిల్లు పుట్టకముందు మన చెరువు" అని అచ్చు.

"అయ్యా, ఇది చూడండి. వీళ్ళ వీధి మనిషి ఇచ్చిన ఫోటోనే. పాతకాలపుది. అప్పటికి మా మిల్లుకి పునాది కూడా పడలేదు. గట్టు పొడుగునా నురుగు ఎంత ఉందో మీరే చూడండి. ఈ చెరువు తీరే అంత" అన్నాడు.

నేను లేచి, "అది నురుగు కాదండీ, మంచు!" అన్నాను.

అధికారి కళ్ళజోడు పైకెత్తి, క్యాలెండరుని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "అమ్మా, మంచుకి బుడగలు ఉంటాయా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. మా వీధివాళ్ళు కూడా.

"ఫోటో ఎప్పటిదో మీరే కదా మా సేల్స్ మనిషికి చెప్పారు?" అన్నాడు మేనేజరు. చెప్పాను. నిజమే. "మా ఆయన చిన్నప్పటి చెరువు, మా ఆడపడుచు దాచి ఉంచిన ఫోటో" అని నోరారా చెప్పాను. నలుపు తెలుపులో ఉంది, మిల్లు గొట్టం లేదు, కొత్త మేడలు లేవు. పైగా నువ్వే రాశావు, ఎప్పటిదో చూడగానే తెలుస్తుందని. ఇంకేమనుకుంటాను?

బయటికొచ్చాక మాస్టారు మమ్మల్ని వదిలి గబగబా వెళ్ళిపోయారు. మీ అన్నయ్య మాత్రం దారి పొడుగునా "మా చిన్నప్పుడు నురుగు లేదే, లేదే" అంటూనే ఉన్నారు. నువ్వు నిజం చెప్పు. మీ చిన్నతనంలో ఆ నురుగు ఉండేదా? మళ్ళీ విచారణ వచ్చే నెల మొదట్లోనే.

నీ వదిన


జనవరి 13

వదినా,

ఆ ఫోటో చిన్నప్పటిది కాదు. నిరుడు చలికాలంలో మీ ఇంటికి వచ్చినప్పుడు తీసింది. ఒకరోజు మీరు లేవకముందే కెమెరా పట్టుకుని గట్టు మీదికి వెళ్ళొచ్చాను. వచ్చాక చెప్పులు బయట కడుగుతుంటే "పొద్దున్నే ఎక్కడ బురద తొక్కావు?" అన్నావు కూడా. అది బురద కాదు.

ఆ రోజు నీళ్ళు ఒక పక్క గులాబీ రంగు, ఒక పక్క నెమలి కంఠం రంగు. గట్టు వెంట నడుమెత్తు నురుగు, దాని మీద ఎర్రటి చారలు. గాలికి ఒక ముద్ద ఎగిరి వచ్చి నా చెంపకి అంటుకుంది. తుడుచుకుంటే జిగట. కుళ్ళిన గుడ్డు కంపు. ఊపిరి బిగబట్టి ఫోటోలు తీశాను. మిల్లు గొట్టం, కరెంటు తీగలు, కొత్త మేడలు ఏవీ పడకుండా వంగి, ఒక పక్కకి జరిగి తీశాను. నీళ్ళూ గట్టూ ఆకాశమూ మాత్రమే ఉంటే ఫోటో బాగుంటుందని. ఇంటికొచ్చాక కంప్యూటర్లో ఆ రంగులు చూస్తే మళ్ళీ కడుపులో తిప్పింది. అందుకని రంగు తీసేశాను.

నువ్వు మంచు అన్నది వెక్కిరింపనుకున్నాను. రోజూ ఆ నురుగు పక్కనే బతికేదానివి, గుర్తుపట్టలేదంటే ఎలా అనుకుంటాను? నువ్వు మామూలుగా మాట్లాడినా వెక్కిరించినట్టే ఉంటుంది కదా. అధికారికి ఏం రాయాలో చెప్పు. వెంటనే రాసి పంపుతాను.

నీ మరదలు


జనవరి 17

నీకు,

గుర్తుపట్టలేదంటే ఎలా అంటావా? నేను చూసే నురుగు ఒకరోజు ఎరుపు, ఒకరోజు ఆకుపచ్చ. తెల్లగా నేను ఎప్పుడూ చూడలేదు. తెల్లగా చేసింది నువ్వు.

నీకు కడుపులో తిప్పిందని రంగు తీసేశావు. బాగుంది. నువ్వు తీసేసిన ఆ రంగు మా బకెట్టులో ఉంది. మీ అన్నయ్య బనీను మీద ఉంది. నా గోళ్ళ కింద ఉంది, ఎంత రుద్దినా పోదు. అది తీయడానికి కంప్యూటర్లో ఏ మీట నొక్కాలో కాస్త రాసి పంపు.

నా మాట వెక్కిరింపులా ఉంటుందన్నావు. ఆ ఫోటో చూసి నిజంగా సంతోషపడ్డాను. ఈ కంపు కొట్టే చెరువు ఒకప్పుడు అలా ఉండేదని నమ్మాను. వచ్చినవాళ్ళందరికీ కుర్చీ వేసి మరీ చూపించాను. ఇప్పుడు ఆ ఫ్రేము వైపు చూస్తే, ఉమ్మిని వెండిగిన్నెలో పోసి తాగించినట్టుంది.

రంగుల ఫోటోలు ఉంటే వెంటనే పంపు. ఎప్పుడు తీశావో వాటితో పాటు రాసి సంతకం పెట్టు.

వదిన


జనవరి 20

వదినా,

ఆ రోజు తీసినవన్నీ పంపుతున్నాను. రంగులు ఉన్నవి ఉన్నట్టే. తీసిన రోజు కెమెరాలో నమోదయ్యే ఉంటుంది. అదీ అచ్చు తీసి, వెనకాల నా సంతకం పెట్టాను. నేనే వచ్చి చెబుతానంటే సెలవు ఇవ్వడం లేదు, పరీక్షలు. పోనీ మానేసి వచ్చేయనా? ఒక్క మాట రాయి.

ఈ ఫోటోలు అచ్చయి వస్తుంటే స్టూడియోలో ఉన్న మనిషి "అబ్బ, ఎక్కడండీ ఇది? విదేశాల్లోనా?" అన్నాడు. అతని చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను.



నీ మరదలు


ఫిబ్రవరి 11

అమ్మడూ,

నువ్వు రాకపోవడం వల్ల ఓడిపోయామని కాదు. వచ్చినా ఇంతే అయ్యేది. అయినా రావాల్సింది.

మాస్టారు నీ రంగుల ఫోటోలు బల్లమీద వరసగా పరిచారు. అధికారి పక్కనున్న గుమాస్తా ముందుగా వంగి చూసి "ఎంత బాగుందండీ, ఇంద్రధనుస్సులా! ఒకటి నాకిస్తారా, హాల్లో పెట్టుకుంటాను" అన్నాడు. అధికారి కసిరాడనుకో. కానీ ఆయన కూడా ఆ గులాబీ రంగు ఫోటో వెంటనే కింద పెట్టలేదు. నేను అటు చూడలేక కిటికీ వైపు తిరిగాను. కంపు ఫోటోలో పడదు కదా. పడి ఉంటే ఆ గదిలో ఒక్కడు కూర్చునేవాడు కాదు.

మేనేజరు ఈసారి లేవను కూడా లేవలేదు. కూర్చునే అడిగాడు. "ఈ ఫోటో, మా క్యాలెండరు మీద ఫోటో ఒకటేనా?"

"ఒకటే" అన్నారు మాస్టారు.

"అందులో రంగు ఏమైంది?"

"ఆవిడే తీసేశారు."

"ఎలా?"

"కంప్యూటర్లో."

"రంగు తీసేయగలిగిన మనిషికి రంగు వేయడం రాదా మాస్టారూ?"

తేదీ ఉందని నేను అరిచాను. "కెమెరాలో గడియారం తిప్పేది ఎవరమ్మా, మా మిల్లా?" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఆ నవ్వులు వింటే పక్కింటివాళ్ళు ఎవరో, మిల్లువాళ్ళు ఎవరో తెలియలేదు.

అధికారి రెండు ఫోటోలూ పక్కన పెట్టేశాడు. నీళ్ళు పరీక్షకి పంపుతామన్నాడు. నీళ్ళు పట్టడానికి ఎప్పుడొస్తారో మిల్లుకి ముందే తెలిసిపోయింది. ఆ రోజు కాలువ ఆపేశారు. చెరువు కాసింత తేరుకుని, మామూలు మురికి చెరువులా కనబడింది. సీసాలో పట్టుకుపోయారు. నిన్న జవాబొచ్చింది: చర్య తీసుకోవాల్సినంత ఏమీ లేదట, అర్జీ కొట్టేశారు. ఇవాళ కాలువలోంచి ముదురు ఆకుపచ్చ వస్తోంది.

మాస్టారు మళ్ళీ అర్జీ రాస్తానంటున్నారు. నా చేతులకి అంత ఓపిక లేదు. దుకాణం ఖాళీ చేస్తున్నాం. మీ అన్నయ్య పేపరు మడిచి పక్కన పెట్టి, తానులు తనే మూటలు కడుతున్నారు. ఇంకో మాట చెప్పనా, ఇన్నేళ్ళూ నేను అమ్మింది కూడా ఆ మిల్లు బట్టే. మూటలు కడుతుంటే ఒక్కో తాను ఏ వారం చెరువో గుర్తొచ్చింది. నా మీద నాకే రోత పుట్టింది.

నీ మీద కోపం ఉంది. పోయినప్పుడు పోతుంది, పొమ్మంటే పోయేది కాదు. ప్రదర్శనలో మన చెరువు ఎలా పెడుతున్నావు? రంగుతోనా, లేకుండానా? అది మాత్రం తెలుసుకోవాలని ఉంది.

వదిన


ఫిబ్రవరి 19

వదినా,

ప్రదర్శనలో మన చెరువు లేదు. గ్యాలరీ ఆవిడకి చెప్పేశాను. రంగుల ఫోటో చూపిస్తే ఆవిడ "అయ్యో, ఇంత బాగుంటే ఎందుకు దాచావు?" అంది. ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పాను. శ్రద్ధగా విని, "ఈ కథ కింద అచ్చు వేసి పెడితే ఇంకా బాగుంటుంది" అంది. నా ఫోటోలన్నీ తెచ్చేసుకున్నాను. గొప్పకి చెప్పడం లేదు. అక్కడ నిలబడలేకపోయాను, అంతే.

మాస్టారికి కూడా రాశాను. ఈసారి ఫోటోలు తీయాల్సి వస్తే అధికారుల ఎదురుగా, గొట్టమూ తీగలూ అన్నీ పడేలా తీసి, కెమెరాలోని కార్డు అక్కడికక్కడే వాళ్ళ చేతికిచ్చేస్తానని. ఆయన జవాబివ్వలేదు. ఇవ్వకపోయినా శనివారం బయల్దేరి వస్తున్నాను. మూటలు కట్టడానికి ఇంకో మనిషి కావాలి కదా. నీతో మాట్లాడమని అడగను. నువ్వు తిడితే వింటాను.

నీ ప్రశ్నకి మాత్రం సూటిగా జవాబు చెప్పలేను. రంగుతో పెడితే ఇంద్రధనుస్సు అన్నారు. లేకుండా పెడితే కల అన్నారు. ఏది పెట్టినా ఎవరికీ కడుపులో తిప్పలేదు. ఇది నాకు నమిలినా మింగుడు పడటం లేదు.

ఇంకొకటి కూడా. ఆ రోజు కంప్యూటర్లో రంగులు చూస్తే అసహ్యం వేసిందని నీకు రాశాను. అది అబద్ధం కాదు. కానీ ఆ గులాబీ, ఆ నెమలి కంఠం తెరమీద వెలుగుతుంటే, కంపు ముక్కులోంచి పోకముందే, ఒక్క క్షణం ఆనందం వేసింది. ఎంత అందంగా ఉంది అనుకున్నాను, ఆ గుమాస్తాలాగే. వెంటనే రంగు తీసేశాను.

నీళ్ళని చూసి అసహ్యం వేసి తీసేశానో, ఆ నీళ్ళు అందంగా కనబడినందుకు నన్ను చూసి నాకే అసహ్యం వేసి తీసేశానో, ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను వదినా.

నీ మరదలు